చీమలక్క చేసిన మనుషులు

తూనికల కంపెనీ మేడ ముందు బస్సు ఆగినప్పుడల్లా చీమలక్క చేతిసంచీలో ఏదో వెతుక్కుంటుంది. నిజానికి వెతికేదేమీ ఉండదు. వేళ్లు తాళంచెవుల్నీ కళ్లజోడు పెట్టెనీ ఊరికే తడుముతూ ఉంటాయి. బస్సు కదిలాకే తల ఎత్తుతుంది. పక్కవాళ్లు మాత్రం మెడలు సాచి, ఆ మేడ అద్దాల మీద మబ్బులు ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకి నింపాదిగా నడిచిపోవడం చూస్తుంటారు. చూడదగ్గ మేడే అది. దాని పుట్టుకలో తన చెయ్యి కూడా ఉందని చెప్పుకోవడానికి ఒకప్పుడు ఆమెకి నోరు చాలేది కాదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే "ఏదో, అట్టముక్కలు అతికించాను లెండి" అని మాట మార్చేస్తుంది.

భవనాలకి నమూనాలు చెయ్యడం ఆమె పని. నేల మీద లేవకముందే అవి ఆమె బల్ల మీద లేస్తాయి. అట్ట, పలచని చెక్క, ప్లాస్టిక్ అద్దం, పదునైన చాకు, జిగురు. ఇవే ఆమె ఇటుకలూ సున్నమూను. ఆర్కిటెక్టు ఆఫీసులో వెనక గది ఆమెది. దానికి ఉత్తరం వైపు ఒకే కిటికీ. అందులోంచి వచ్చే వెలుతురు ఎక్కడా మరకపడని వెలుతురు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆరేసిన దుప్పటిలా కదలకుండా ఉండేది.

నమూనా అంతా పూర్తయ్యాక చిట్టచివర మనుషుల్ని పెట్టేది. సన్నని రాగితీగ మెలిపెట్టి, జిగురులో ముంచి, ఆరాక రంగేస్తే ఒక మనిషి. చిటికెనవేలి కణుపంత ఉంటాడు. ఆఫీసులో వాళ్లని చీమలనేవారు. అలా ఆమె చీమలక్క అయిపోయింది. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

"అక్కా, నా చీమకైనా కాస్త జుట్టు పెట్టవా?" అని ఆ బట్టతల గుమాస్తా ఏడిపించేవాడు.

"నీకు జుట్టు పెడితే అద్దంలో చూసుకుంటూ పని మానేస్తావు, పో" అనేది చీమలక్క, తీగ మీంచి కళ్లు తిప్పకుండానే.

ఆ పనిలో ఒక ఆనవాయితీ ఉంది. ఆమెకి ముందు ఆ గదిలో పనిచేసిన ముసలాయన నేర్పి వెళ్లాడు. మనుషుల్ని ఉండాల్సినదానికంటే వెంట్రుకవాసి పొట్టిగా చెయ్యాలి. మనిషి చిన్నవాడైతే చుట్టూ ఉన్న భవనం తనంతట తనే పెద్దదవుతుంది. "గోడల్ని మార్చకూడదమ్మా, అది మోసం. మనుషుల్ని తగ్గించు, అది కళ" అనేవాడాయన. వయసులో ఉన్నప్పుడు విన్న మాట, ఆమెకి ముద్దుగా అనిపించింది. అలాగే ఎన్నో ఏళ్లు చేసింది. ఎవరికీ ఏమీ కాలేదు.

తర్వాత తూనికల కంపెనీ వచ్చింది.

ఆ కంపెనీ ఛైర్మన్ కోటు జేబులో ఎప్పుడూ ఒక కొలత టేపు ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటి బల్లనో కుర్చీనో కొలిచేసేవాడు. ఆయన తండ్రి రేకుల షెడ్డు వేసుకుని త్రాసులు బాగుచేసేవాడట. షెడ్డు గుమ్మం ఎంత కురచంటే, వచ్చినవాళ్లెవరైనా తల వంచి లోపలికి రావాల్సిందే. ఆ షెడ్డు పోయి అక్కడే చిన్న కార్ఖానా లేచింది. కార్ఖానా ఊరి బయటికి వెళ్లిపోయాక, ప్రధాన కార్యాలయం మళ్లీ ఆ షెడ్డు ఉన్న జాగాలోనే కట్టాలని ఛైర్మన్ పట్టుబట్టాడు. జాగా ఇరుకు. అందుకే మేడ పైకి పోవాల్సి వచ్చింది.

ఆర్కిటెక్టుని ఆఫీసంతా పెద్దాయన అనేవారు. ఆయన స్తంభాలన్నిటినీ బయటి అంచుకి నెట్టేసి, లిఫ్టుల్నీ మెట్లనీ నడుమ వెన్నెముకలా నిలబెట్టి, మిగతా అంతస్తుల్ని అడ్డూ ఆపూ లేని మైదానాల్లా వదిలాడు. కింద నల్లరాయి, పైనంతా అద్దం. పైకి పోయేకొద్దీ మేడ రెండుచోట్ల ఒక్కో అడుగు వెనక్కి వేసి, సన్నబడి సన్నబడి, ఎవరో ఆకాశం మీద గీయబోయి మధ్యలో ఆపేసిన గీతలా ఆగిపోతుంది.

"పైదంతా మీ ఇష్టం" అన్నాడు ఛైర్మన్ మొదటిరోజే. "కింది హాలు మాత్రం నా ఇష్టం. అడుగు పెట్టగానే మనిషి తల దానంతటదే పైకి లేవాలి. మా నాన్న దగ్గరికి వచ్చినవాళ్లంతా తల వంచుకునే వచ్చారు."

పెద్దాయన అలాంటి హాలే గీశాడు. ఈలోగా డైరెక్టర్లకి ఇంకో అంతస్తు కావాల్సి వచ్చింది. మేడ మొత్తం ఎత్తు పెంచడానికి నగర కార్యాలయం ఒప్పుకోలేదు. పెద్దాయన ప్రతి అంతస్తులోంచీ కాస్త కాస్త గిల్లాడు. అయినా చాలక, మిగిలిందంతా కింది హాలు నెత్తిన కోశాడు. ఆ మార్పు పటాల మీద స్పష్టంగానే ఉంది. ఛైర్మన్ సంతకమూ పెట్టాడు. కాని అంకెల్లో తగ్గిన ఎత్తు మనసుకి తెలియదు. నమూనాలో అయితే కంటికి ఇట్టే తెలిసిపోతుంది. అది చూసి ఆయన మొత్తం పనినే వేరేవాళ్ల చేతుల్లో పెడితే?

పెద్దాయన వెనక గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. "అమ్మా, ఈసారి చీమల్ని ఇంకాస్త తగ్గించాలి."

"ఎంత సార్?"

"హాలు మళ్లీ పాత హాలులా కనపడేంత."

చీమలక్క మనసులోనే లెక్క చూసుకుంది. "బడిపిల్లలంత అయిపోతారు సార్."

"ఎత్తు బడిపిల్లలదే. కాని పిల్లల్లా కనపడకూడదు. అది చెయ్యగల చెయ్యి నీదొక్కటే."

ఆ చివరి మాటకి ఆమె ఉబ్బిపోయింది. కాదనడం తోచనే లేదు.

పెద్దవాళ్ల నడక, పెద్దవాళ్ల భుజాలు, పెద్దవాళ్ల అలసట పెట్టి బడిపిల్లల ఎత్తు మనుషుల్ని చేసింది. అంత బాగా ఆమె ఎప్పుడూ చెయ్యలేదు. హాల్లో అక్కడొకర్నీ ఇక్కడొకర్నీ నిలబెడుతుంటే పైకప్పు నిజంగానే మెల్లగా పైకి లేచినట్టుంది. ఒక్కచోటే చిక్కొచ్చింది. రిసెప్షన్ కౌంటరు. దాని కొలత అసలు కొలత. వెనక చీమని నిలబెడితే కౌంటరు పైన తల మాత్రమే కనిపించింది, నూతిలోంచి తొంగిచూస్తున్నట్టు. చీమలక్క పట్టకారుతో ఆ చీమని తీసేసింది. కౌంటరు ఖాళీగా వదిలేసింది. చేస్తున్నది కళ కాదని ఆ క్షణంలోనే ఆమె వేళ్లకి తెలిసింది.

ఛైర్మన్ వచ్చాడు. టేపు తీశాడు. నమూనాలో స్తంభం కొలిచి పటంతో సరిచూశాడు. తలుపు కొలిచాడు, పైకప్పు కొలిచాడు. అన్నీ సరిపోయాయి. మనుషుల్ని కొలవాలని ఆయనకి తట్టలేదు. ఎవరికి మాత్రం తడుతుంది? తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, బల్ల అంచుకి కన్ను ఆనించి హాల్లోకి చూశాడు. అలా చాలాసేపు ఉండిపోయాడు. లేచేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

"కౌంటరు దగ్గర ఎవరూ లేరేం?" అనడిగాడు.

"మీరింకా ఎవర్నీ ఉద్యోగంలోకి తీసుకోలేదు కదండీ" అంది చీమలక్క.

అందరూ పకపకా నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వుల్లో తన నవ్వు ఎంత హాయిగా కలిసిపోయిందో, అది మాత్రం ఆమెని తర్వాత చాలాకాలం వదల్లేదు.

మేడ కట్టే కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు ఆమె సొంత తమ్ముడే. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన తమ్ముడు. కింది హాలు పనులు అతనికే అప్పగించారు. "నీ అట్టమేడని రాతిమేడ చేసి చూపిస్తానక్కా, చూస్కో" అని గొప్పలు పోయేవాడు. చివర్లో గాలి గొట్టాలకి చోటు చాలకపోతే, ఇంజనీర్లు సరేనన్నాకే, పైకప్పు పలకల్ని జానెడు కిందికి దించాడు. ఏ మేడలోనైనా జరిగేదే.

హాలు తెరిచిన రోజు నమూనాని గాజుపెట్టెలో పెట్టి కౌంటరు పక్కన ఉంచారు. చీమలక్క, పెద్దాయన దాని పక్కనే నిలబడ్డారు. ఛైర్మన్ డైరెక్టర్లతో కలిసి తలుపు తోసుకుని వచ్చాడు. నాలుగడుగులు వేశాడు. ఆగాడు. తల పైకి లేవలేదు. ఆయనే బలవంతాన ఎత్తాడు. ఏదో పోగొట్టుకున్నవాడిలా అటూ ఇటూ చూశాడు.

"ఇది కాదు" అన్నాడు. "నేను చూసిన హాలు ఇది కాదు."

నిచ్చెన తెప్పించి కొలిపించాడు. పటంలో ఉన్నదానికంటే సరిగ్గా జానెడు తక్కువ.

"ఎవరు దించారు?"

పనివాళ్ల వరసలోంచి తమ్ముడు ముందుకొచ్చాడు. "నేనేనండి. గాలి గొట్టాలకి..."

"జానెడు!" ఛైర్మన్ గొంతు రాళ్లకి తగిలి తిరిగొచ్చింది. "మా నాన్న నెత్తి మీద జానెడు దించావు కదయ్యా!"

చీమలక్క పైకి చూసింది. జానెడుతో ఏ హాలూ అలా మారిపోదు. ఆయన కంటికి తగ్గినది నిలువెత్తు మనిషి కంటే ఎక్కువ. అది ఎక్కడ తగ్గిందో ఆ హాల్లో ఇద్దరికే తెలుసు. రెండోవాడు తన బూట్లకేసి చూసుకుంటున్నాడు. నోరు తెరుద్దామనుకుంది చీమలక్క. ఇంతలో అంతా కదిలిపోయారు.

తమ్ముణ్ణి పనిలోంచి పక్కన పెట్టారు. ఆ మాట కూలీల నోట పడి వాళ్ల వీధి దాకా వచ్చింది. అక్కాతమ్ముళ్లది ఒకే వీధి. టీ కొట్టు దగ్గర తమ్ముణ్ణి ఆటపట్టించడం ఆమె తన చెవులతోనే విన్నది.

"ఏం జానెడూ, గ్లాసు నిండా పొయ్యమంటావా, జానెడు తగ్గించమంటావా?"

"గ్లాసే జానెడు లేదు కదరా, ఇంకేం తగ్గిస్తావు!" అని ఇంకొకడు.

తమ్ముడు కూడా నవ్వాడు. టీ తాగకుండానే గ్లాసు పెట్టేసి వెళ్లిపోయాడు. చీమలక్కకి తల కొట్టేసినట్టయింది. కొట్టు దాటుకుని పోలేక వెనక్కి తిరిగి ఆఫీసుకే వెళ్లింది.

"సార్, చెప్పేద్దాం" అంది పెద్దాయనతో.

ఆయన పెన్సిలు చెక్కుతూ ఉన్నాడు. "ఏం చెప్తావమ్మా? ఆయనకి ఒక కారణం దొరికింది. మనం ఒడ్డున పడ్డాం. మీ తమ్ముడు కుర్రాడు, ఇంకో చోట పని దొరుకుతుంది."

"పని సంగతి కాదు సార్..."

"నువ్వు చెబితే ఈ ఆఫీసు మూతపడుతుంది. నీ ఇష్టం మరి."

ఇష్టం అన్న మాట అంత బరువుగా ఉంటుందని ఆమెకి తెలియదు. ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. చెప్పని ఒక్కో రోజూ చెప్పబోయే మాట మీద ఒక్కో పొర జిగురులా ఆరిపోతూ వచ్చింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం తమ్ముడూ మరదలూ ఆమె ఇంటికి వచ్చారు. తమ్ముడు కుర్చీ ఉన్నా గుమ్మం పక్కన నేల మీదే కూలబడ్డాడు. గడ్డం పెరిగింది.

"నీ దగ్గరికి రావడానికి మొహం చెల్లలేదక్కా."

"అదేం మాటరా?"

"సైటుకి వెళ్లేముందు రోజూ మీ ఆఫీసుకొచ్చి నీ నమూనాలోకి వంగి చూసి వెళ్లేవాణ్ణి. అచ్చం అలాగే రావాలని. ఎంత ఎత్తుగా, ఎంత చల్లగా ఉండేదో ఆ హాలు! జానెడే కదా అనుకున్నాను. నువ్వు నిలబెట్టినదాన్ని నేను కూల్చేశాను."

మరదలు అరచేత్తో కళ్లు తుడుచుకుని అంది: "మీరైనా చెప్పండి వదినా. కంచం ముందు కూర్చుని పైకప్పుకేసి చూస్తుంటారు. మొన్న మా వంటింటి కప్పు కూడా కొలిచారు. మా ఇల్లు సరిగ్గానే ఉందటండీ, అదొక్కటే సంతోషం."

"జానెడుతో ఏమవుతుందిరా" అంది చీమలక్క. గొంతు ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది.

"ఏమైందో చూశాం కదా. నీ నమూనా అబద్ధం చెప్పదు కదక్కా."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, నీళ్లు ఊరికే పోతుంటే చూస్తూ నిలబడింది. ఆ నీళ్లతో పాటు తనూ ఆ చిన్న కన్నంలోంచి జారిపోతే బాగుండుననిపించింది. తిరిగొచ్చేసరికి వాళ్లు లేచారు.

"నా మీద కోపం పెట్టుకోకక్కా" అన్నాడు తమ్ముడు చెప్పులు వేసుకుంటూ.

"కోపం ఎందుకురా" అంది.

వాళ్లు కనుమరుగవగానే రాగితీగ తీసి కూర్చుంది. అసలు కొలతకి మనుషుల్ని చెయ్యడం మొదలుపెట్టింది. మొదటివాడు పొట్టిగా వచ్చాడు. రెండోవాడూ అంతే. తీగ ఎంత పొడుగు తీసుకున్నా వేళ్లు అలవాటు కొద్దీ నడుం దగ్గర కాస్త, మెడ దగ్గర కాస్త మింగేస్తున్నాయి. ఇన్నేళ్లూ తను చేసిన మనుషులంతా ఎక్కడెక్కడి అద్దాల పెట్టెల్లోనో కురచగా నిలబడి తనకేసి చూస్తున్నట్టనిపించింది. వాళ్లందరికీ తను ఎత్తు బాకీపడింది. చాలాసేపటికి గాని ఒక మనిషి మనిషంత రాలేదు. చేతిలో పట్టుకుంటే రాక్షసుడిలా ఉన్నాడు. వాడి కొలతకే తెల్లారేదాకా కూర్చుని మిగతావాళ్లనీ చేసింది.

మర్నాడు పొద్దున్నే మేడకి వెళ్లింది. దుమ్ము తుడవడానికి గాజుపెట్టె తాళం ఆమె దగ్గరే ఉండేది. పెట్టె తెరిచి పాతవాళ్లని ఒక్కొక్కర్నీ పట్టకారుతో తీసి ఎడమ అరచేతిలో వేసుకుంది. వాళ్ల చోట్లలోనే కొత్తవాళ్లని నిలబెట్టింది. చివరికి కౌంటరు వెనక ఒక అమ్మాయిని పెట్టింది. ఆ అమ్మాయి నడుం దాకా చక్కగా కనిపించింది.

"నన్నేనా అక్కా? ఎన్నాళ్లకి పెట్టారండీ!" అంది అసలు కౌంటరు వెనక నిలబడ్డ అమ్మాయి మురిసిపోతూ.

చీమలక్క వంగి లోపలికి చూసింది. నమూనాలోని హాలు ఆమె కళ్లముందే కుంగిపోయింది. ఒక్క గోడా కదల్లేదు, ఒక్క స్తంభమూ ఒరగలేదు. వెలుతురు మాత్రం ఎవరో పిండేసినట్టు తగ్గింది.

ఛైర్మన్ రోజూ లిఫ్టు ఎక్కేముందు ఆ పెట్టె దగ్గర ఆగి, నమూనాకేసీ పైకప్పుకేసీ చూసి నిట్టూర్చేవాడు. ఆ రోజూ ఆగాడు. వంగాడు. ఇంకా కిందికి వంగాడు.

"ఇదేంటి? ఇందులో కూడా హాలు తగ్గించేశారేం?"

"హాలు ముట్టుకోలేదండి. కొలిచి చూడండి."

టేపు తీసి కొలిచాడు. సరిగ్గానే ఉంది. అప్పుడు ఆయన చూపు ఆమె అరచేతి మీద పడింది. అందులోంచి ఒక పాత మనిషిని తీసి కొత్తమనిషి పక్కన నిలబెట్టాడు. టేపు అవసరం లేకపోయింది. అది ఆయన చేతిలోంచి చప్పున వెనక్కి చుట్టుకుపోయింది.

"ఎవరు చెయ్యమన్నారు?"

"చేసింది నేనండి."

"నేనడిగింది అది కాదు."

"తెలుసండి. ఆ మాట చెప్పాల్సినవాళ్లు చెప్పుకోవాలి. నేను నా చేతుల సంగతే చెప్పగలను." ఆమె కళ్లు నేల మీదే ఉన్నాయి. "ఆ సూపర్‌వైజరు జానెడు దించకపోయినా మీకు ఇలాగే అనిపించేది. అతను నా తమ్ముడండి. తమ్ముడు కాబట్టి వచ్చి చెబుతున్నాననుకోకండి. తమ్ముడై ఉండి కూడా ఇన్నాళ్లూ చెప్పలేదు."

ఛైర్మన్ సందర్శకుల కుర్చీలో కూర్చుండిపోయాడు. "స్తంభాలు కొలిచాను" అన్నాడు తనలో తనే. "తలుపులు కొలిచాను. అందరి ముందూ ఆ అబ్బాయిని అన్నాను." తల ఎత్తకుండానే, "పిలిపించండి అతన్ని. ఆ రోజు ఇక్కడున్నవాళ్లందర్నీ రమ్మనండి" అన్నాడు.

తమ్ముడు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఇంకో దెబ్బకి సిద్ధపడి వచ్చినట్టే ఉన్నాడు. ఛైర్మన్ అందరి మధ్యలో లేచి నిలబడి, తన మాట తప్పని, ఆ జానెడుకీ హాలుకీ సంబంధం లేదని చెప్పాడు. మర్నాటి నుంచి అతన్ని పనిలోకి తీసుకోమని కాంట్రాక్టరుకి చెప్పాడు. చెయ్యి చాపాడు. తమ్ముడు ఆ చెయ్యి పట్టుకున్నాడు గాని ఏమీ అర్థం కానట్టు నిలబడ్డాడు.

"మరి తేడా ఎక్కడొచ్చిందండీ?"

ఛైర్మన్ గడ్డంతో గాజుపెట్టెని చూపించాడు.

తమ్ముడు వంగి చూశాడు. ఊపిరి తగిలి గాజు మీద చిన్న మబ్బు కట్టింది. అది కరిగేదాకా అలాగే ఉన్నాడు. లేచాక అక్కకేసి చూడలేదు. ఆమె చేతికేసి చూశాడు. ఆ చెయ్యి ఇంకా పిడికిలి బిగించే ఉంది.

బయట కాలిబాట మీద ఎండ కాస్తోంది. జనం తలలు ఎత్తి మేడని చూస్తూ వాళ్లిద్దర్నీ రాసుకుంటూ పోతున్నారు.

"ఆదివారం మేం వచ్చినప్పుడు నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మొదటిరోజు హాల్లో నన్ను అందరి ముందూ అన్నప్పుడు?"

మధ్యలో ఎవరో పిల్లవాణ్ణి భుజాలకెత్తుకుని పోయాడు. వాళ్లు దాటేదాకా ఆగింది చీమలక్క.

"అప్పుడూ తెలుసురా."

తమ్ముడు తల పంకించాడు. తిడతాడనుకుంది. తిడితే బాగుండును. అతను బస్సు ఎక్కాడు, ఆమె వెనక ఎక్కింది. పక్కన సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ఉన్నాడు. తమ వీధి మొదట్లో దిగాక గాని నోరు విప్పలేదు.

"మీ మరదలికి నువ్వే చెప్పు."

"నువ్వు చెబితే..."

"నేను చెబితే నిన్ను వెనకేసుకొస్తానక్కా. అది నా వల్ల కాదు ఇవాళ."

తలుపు తీసిన మరదలు తడిచేతుల్తోనే నిలబడిపోయింది. భర్త మొహం చూసి, వెనక వదినని చూసి, మొహం చేటంత చేసుకుంది. "ఇద్దరూ కలిసొచ్చారే! పనిలోకి తీసుకున్నారా? మీరే కదూ మాట్లాడింది వదినా? నాకు తెలుసు, మీరుండగా మాకేం కానివ్వరని!"

తమ్ముడు లోపలి గదిలోకి వెళ్లిపోయాడు. చీమలక్క గుమ్మం బయటే ఆగింది.

"రండి వదినా, అక్కడే నిలబడ్డారేం?"

"నువ్వు ముందు కూర్చోమ్మా" అంది చీమలక్క. "నీకొకటి చెప్పాలి. అది విన్నాక రమ్మంటే వస్తాను."